ఇచ్చట పుణ్యము రీచార్జి చేయబడును

మంచితనాన్ని లెక్కగట్టడం మన పెద్దలకు తెలియక కాదు. చిత్రగుప్తుడనే గుమస్తాను వేశారు, చిట్టా తెరిపించారు. కాకపోతే ఖాతా చూపించేది పోయాకే అన్నారు. బతికున్నంత కాలం ఎవడి అంకె ఎంతో ఎవడికీ తెలియదు కనక అందరూ తమది బాగానే ఉంటుందనుకుని హాయిగా నిద్రపోతుంటారు. కెనడాలోని ఎడ్మంటన్‌లో రే మ్యూజికా, గ్రెగ్ జెష్చుక్ అనే ఇద్దరు డాక్టర్లకు అంత ఓపిక లేకపోయింది. వీళ్లు మొదట్లో కడుపు జబ్బుల మీద వైద్య విద్యకు పనికొచ్చే కంప్యూటర్ ప్రోగ్రాం రాశారు. 1995లో బయోవేర్ అనే కంపెనీ పెట్టారు. 1998 డిసెంబరులో బాల్డర్స్ గేట్ అనే ఆటను అయిదు సీడీల్లో జనం మీదికి వదిలారు. అందులో మనిషి మంచిపేరుకు ఒకటి నుంచి ఇరవై దాకా అంకె ఉంటుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు తెర మీద చూసుకోవచ్చు. తగ్గిందా, గుడికెళ్లి డబ్బు కట్టి పెంచుకోవచ్చు.

ఈ ఆటను కంప్యూటర్ రోల్ ప్లేయింగ్ ఆటల్లో మహాకావ్యం అంటారు. అనొచ్చు. చెట్లు, వాన, రాత్రిపూట సత్రం కిటికీల్లో వెలుగు, ఆరుగురి జట్టుతో కాలినడకన దేశం తిరగడం, ఇవన్నీ ఈనాటికీ బాగుంటాయి. నేను పట్టుకు వేలాడుతున్నది వాటిని కాదు. ఈ ఆట దయ్యాల్ని నమ్మించడానికి కష్టపడింది, మంత్రాల్ని నమ్మించడానికి కష్టపడింది. ఏమాత్రం కష్టపడకుండా, మనల్ని అడక్కుండా, గంటల తరబడి నమ్మించిన సంగతి ఒక్కటే ఉంది: మనవాడు మంచివాడని.

మనవాడి పుట్టుక దగ్గర్నుంచీ చూద్దాం. లోకంలో ఎవరికీ దక్కని వరం ఇక్కడ ఆట మొదలవకముందే దక్కుతుంది. బలం, చురుకుదనం, ఒంటి గట్టితనం, తెలివి, వివేకం, ఆకర్షణ అని ఆరు గుణాలు. ఒక్కోదానికి మూడు నుంచి పద్దెనిమిది దాకా పాచికలు పడతాయి. నచ్చకపోతే మళ్లీ వేయమనే మీట ఉంది. బాగా పడిన జాతకాన్ని పక్కన దాచుకుని, ఇంకా మంచిది పడుతుందేమోనని నొక్కుతూ పోవడానికి మరో రెండు మీటలున్నాయి. యోధుడైతే బలంలో పద్దెనిమిది పడ్డా తృప్తి ఉండదు, దాని పక్కన ఇంకో వందకు లెక్క ఉంటుంది. సాహసానికని కూర్చున్న మనిషి గంటసేపు తన జాతకం తానే దిద్దుకుంటూ కూర్చుంటాడు. దానికి ముందే వచ్చే శీలం పేజీలో తొమ్మిది గడులు. కట్టుబాటుకు లోబడే మంచివాడి దగ్గర మొదలై, ఏ కట్టుబాటూ లేని దుర్మార్గుడి దాకా. ఒకదాన్ని ఎంచుకోవాలి. మంచివాణ్ణని రాసుకున్నవాడికి ఆట మొదలయ్యేసరికే మంచిపేరులో కొన్ని మార్కులు ఎక్కువ. ఏం చేసినందుకు? దరఖాస్తు నింపినందుకు.

ఇదంతా ఆ డాక్టర్ల సొంత కల్పన కాదు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో అచ్చేసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే బల్ల మీది ఆట నుంచి వచ్చిన నియమాలు. దాని రెండో కూర్పును వీళ్లు చాలావరకు కంప్యూటర్లోకి దించారు. కవచం అంకె ఎంత తగ్గితే మనిషి అంత భద్రం, దెబ్బ తగిలించే అంకె ఎంత తగ్గితే దెబ్బ అంత ఖాయం అనే విచిత్రం కూడా అక్కణ్ణుంచి వచ్చిందే. బల్ల మీద ఆడేటప్పుడు ఆట నడిపే పెద్దమనిషి ఒకడు ఎదురుగా కూర్చుంటాడు. అబద్ధం ఆడితే మొహం చూసి పట్టేస్తాడు, అతి చేస్తే నెత్తిన పిడుగు వేస్తాడు. కంప్యూటర్‌కి వచ్చేసరికి ఆ పెద్దమనిషి పోయాడు, ఆయన లెక్కల పుస్తకం మిగిలింది. నా ఏడుపంతా అదే.

మనవాడు పెరిగింది కాండిల్‌కీప్ అనే గ్రంథాలయ కోటలో. పండితుల కోట. లోపలికి రావాలంటే విలువైన గ్రంథమొకటి కానుకగా తేవాలి. అంత జ్ఞానసంపద మధ్య పెరిగిన అనాథకు ఆట అప్పగించే మొదటి పని గిడ్డంగిలో ఎలుకలు చంపడం. రెండోది జబ్బుచేసిన ఆవుకి మందు తేవడం. ఆవు పేరు నెస్సా. ఒకామె పుస్తకం పారేసుకుంటుంది, వెతికిపెట్టాలి. ఒక కాపలావాడు కత్తి పెట్టెలో మర్చిపోయాడు, తెచ్చిపెట్టాలి. అతగాడు నిలబడిన చోటు నుంచి ఆ పెట్టెకి నాలుగడుగులు. అయినా కదలడు. ఆ లోకంలో మనవాడొచ్చేదాకా ఎవరూ కదలరు. ఎలుకలు సైతం ఆ గిడ్డంగిలో మనవాడి కోసమే ఎదురుచూస్తుంటాయి. నేను ఫిర్యాదు చేయడం లేదు, చేసిన పనికి అక్కడికక్కడే నాణేలో, మరొకటో చేతిలో పడతాయి, అనుభవం ఖాతాలో జమవుతుంది. బిల్లు పెండింగ్‌లో ఉందనే మాట ఈ ఆటలో ఎక్కడా వినపడదు. దయ్యాల సంగతి ఎలా ఉన్నా, పచ్చి కల్పన అంటే ఇదీ.

ఆ రాత్రే పెంచిన తండ్రి గోరియన్ మనవాణ్ణి తీసుకుని కోట దాటుతాడు. ముళ్ల కవచం తొడిగిన భారీ మనిషి ఒకడు దారికాచి ముసలాయన్ని చంపేస్తాడు. తెల్లారుతుంది. చిన్ననాటి నేస్తం ఇమోయెన్ వచ్చి కలుస్తుంది. ఇప్పుడు ఆటగాడు ఏం చేస్తాడు? తండ్రి శవం దగ్గరికెళ్తాడు. దుఃఖించడానికి కాదు. జేబుల్లో ఏముందో చూడ్డానికి. ఉన్నది తీసుకుని ముందుకు సాగిపోతాడు. మంచిపేరు అంకె చెక్కుచెదరదు. నేను ఆడుతుండగా ఈ ఘట్టం పక్కనుండి చూసిన ఇంట్లోవాళ్లు నోరెళ్లబెట్టారు. ఆటలు ఆడేవాళ్లకి మాత్రం ఇందులో నోరు తెరవాల్సిందేమీ కనపడదు. మేం అలవాటుపడిపోయాం.

అలవాటంటే గుర్తొచ్చింది. బెరెగోస్ట్ అనే పట్నంలో ప్రతి ఇంటి తలుపూ నొక్కితే తెరుచుకుంటుంది. గడియ ఉంటే మన జట్టులో గడియ తీసేవాడుంటాడు. లోపల ఇల్లాలో, ముసలాడో, ఎవరో నిలబడి ఉంటారు. ఆరుగురు ఆయుధాలతో లోపలికొచ్చి బీరువా తెరుస్తారు, పెట్టె తెరుస్తారు, పీపా తెరుస్తారు. ఉంగరం ఉంటే ఉంగరం, మందుసీసా ఉంటే మందుసీసా, ఏమీ లేకపోతే ఏడెనిమిది నాణేలు. ఇంటివాళ్ల కంట పడితే కేకలు పడతాయి, కాపలావాళ్లు వస్తారు. పడకపోతే ఆ సొత్తు దేవుడిచ్చింది. ఒక మనిషిని చంపితే ఎక్కడ చంపినా మంచిపేరు మీటరుకి తెలిసిపోతుంది, ఊరందరి కప్‌బోర్డులూ ఊడ్చుకుపోతే మాత్రం దానికి కనపడదు. ఊరినుంచి బయటపడేటప్పుడు మన సంచిలో బరువు ఎక్కువై మనవాడు అడుగు తీసి అడుగు వేయలేడు. అప్పుడు వెనక్కొచ్చి, పేదవాడి ఇంట్లో ఎత్తుకొచ్చిన సరుకు అదే ఊరి కొట్లో అమ్ముకుంటాడు. పేరు బాగుంటే ఆ కొట్లో ధరలు కూడా తగ్గుతాయి.

అదే పట్నంలో ఫెల్డెపోస్ట్ సత్రం. అక్కడ మార్ల్ అని ఒక మనిషి తాగుతూ ఉంటాడు. దగ్గరికెళ్తే మండిపడతాడు. సాహసాలు చేస్తామంటూ తిరిగే మీలాంటివాళ్ల వల్లే ఊళ్లోకి కష్టాలొస్తున్నాయంటాడు. కాసేపు మాట్లాడిస్తే అసలు సంగతి బయటపడుతుంది. అతని కొడుకు కూడా ఇలాగే సాహసాలంటూ వెళ్లి చనిపోయాడు. తెర కింద మనం చెప్పగలిగిన జవాబులు వరుసగా కనిపిస్తాయి. తప్పుది ఎంచుకుంటే మనిషి మీదికొస్తాడు, మనం ఆరుగురం, అతనొక్కడు. సరైనవి ఎంచుకుంటే మెత్తబడతాడు, కోపం కరిగి కూర్చుంటాడు. రాసినవాడెవడో చేయి తిరిగినవాడే. ఆ నాలుగు మాటల్లో కొడుకు పోయిన తండ్రి కనపడతాడు. అంతవరకూ ఎంత బాగుంది! ఆ తర్వాత క్షణంలో కింద ఒక వాక్యం మెరుస్తుంది: మీ జట్టుకి ఇన్ని వందల అనుభవం పాయింట్లు లభించాయి. పరామర్శకి పారితోషికం. ఎవరో ఏడుస్తున్నారంటే మనవాడి చెవులు నిక్కబొడుచుకునేది ఇందుకు. ఏడుపులో ఎంతో కొంత గిట్టుబాటు ఉంటుందని అనుభవం చెబుతోంది మరి.

నాష్కెల్‌లో నూబర్ అని ఇంకో మహానుభావుడున్నాడు. పనికిమాలిన ప్రశ్నలు వేస్తూ వదలకుండా విసిగిస్తాడు. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా వింటే 400 పాయింట్లు. ఊళ్లో పెళ్లిళ్లకీ తద్దినాలకీ వెళ్లి బంధువుల ప్రశ్నలన్నీ భరించి వచ్చిన తెలుగువాడు ఈపాటికి ఏ లెవెల్లో ఉండాలో మీరే లెక్కేసుకోండి.

అదే ఊళ్లో ఇంకో విడ్డూరం. ఒకవైపు మిన్స్క్ అనే వీరుడు. చేతిలో ఒక చిట్టెలుక, దాని పేరు బూ, అది అంతరిక్షంలోంచి వచ్చిన రాక్షస చిట్టెలుకకు బుల్లి రూపమని అతని నమ్మకం. డైనాహైర్ అనే మంత్రగత్తెను నోల్ అనే రాక్షసుల కోట నుంచి విడిపించమని బతిమాలతాడు. అదే ఊళ్లో ఇంకోవైపు ఎడ్విన్ అనే మాంత్రికుడు. అదే డైనాహైర్‌ను చంపమని అడుగుతాడు. ఇద్దరికీ మనవాడు సరేనని మాటిచ్చేయొచ్చు. చిట్టెలుకతో ఉన్నాయనే నాకు ఈ ఆటలో నచ్చిన మనిషి. మాట ఇచ్చి వాయిదాలు వేస్తే ఊరుకోడు, కత్తి తీసి మన మీదే పడతాడు. లోకమంతా ఓపిగ్గా నిలబడి ఉన్నచోట తొందర ఉన్నవాడు ఆయనొక్కడు. అందుకే అతనికి మతి చలించిందని అందరూ అంటారు.

ఇక గుడి. బెరెగోస్ట్‌కు తూర్పున ఉదయ దేవుడు లాథాండర్‌కు పెద్ద ఆలయం ఉంది. ప్రధానార్చకుడు కెల్డాత్ ఆర్మ్‌లిర్. ఊరి పెత్తనమూ ఆయనదే. గుళ్లో అడుగుపెడితే పూజారి ముందు సరసమైన ధరల పట్టిక. గాయం మాన్పడానికి ఇంత, విషం దించడానికి ఇంత, చచ్చినవాణ్ణి లేపడానికి ఇంత. దాని పక్కనే విరాళం గడి. అంకె వేసి మీట నొక్కితే సొమ్ము పోతుంది, సరిపడా అయితే మంచిపేరు ఒక మార్కు లేస్తుంది. పేరు అధ్వాన్నంగా ఉన్నవాడికి తక్కువలోనే పని జరిగిపోతుంది, పైకి పోయేకొద్దీ రేటు పెరుగుతుంది. సరిపడనంత కడితే డబ్బు పోతుంది, పేరు కదలదు. దేవుడు చిల్లర వెనక్కివ్వడు. ఈ ఒక్క విషయంలో ఆట నిజ జీవితానికి దగ్గరగా ఉందని నేను ఒప్పుకుంటాను.

ఈ అర్చకుడే బసిలస్ అనే మనిషిని చంపినవాడికి 5000 బంగారు నాణేలు బహుమానం ప్రకటించాడు. ఎవరీ బసిలస్? జెంటిల్ కీప్ అనే నగరం కూలిన రోజున కుటుంబాన్ని పోగొట్టుకుని మతి చెదిరిన ఒక పూజారి. దొరికిన శవాల్ని మంత్రంతో లేపి చుట్టూ నిలబెట్టుకుని, అవే తన అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అనుకుంటూ వాటితో కబుర్లు చెబుతూ బతుకుతుంటాడు. హత్యలు చేశాడు, కాదనను. మనవాడు దగ్గరికెళ్తే మనవాణ్ణి కూడా ఇంటివాడే అనుకుంటాడు. ఇక్కడ ఆరితేరిన ఆటగాడు చేసేది చూడాలి. నేను నీ తండ్రినేనంటూ అబద్ధం మొదలుపెడతాడు. మాటలు వరసగా సరైనవి పడ్డాయా, మనిషికి ఒక్కసారి నిజం తెలిసొస్తుంది. తనవాళ్లు అక్కడే పోయారనీ, చుట్టూ ఉన్నవి ఉత్త కళేబరాలనీ. అనుకున్న మరుక్షణం ఆ శవాలన్నీ కుప్పకూలతాయి. అంటే యుద్ధంలో మనకి ఎదురు నిలిచేవాళ్లు తగ్గారన్నమాట. ఒక మనిషి గుండె పగలగొట్టడం ఇక్కడ యుద్ధ తంత్రం. ఒంటరిగా మిగిలినవాణ్ణి ఆరుగురం కలిసి చంపి, మెళ్లో ఉన్న దేవుడి చిహ్నం తెంపుకుని, గుడికి తిరిగొచ్చి, 5000 తీసుకుంటాం. తీసుకుని, రెండడుగులు పక్కకేసి, అందులోంచి కొన్ని వందలు అదే గుడి హుండీలో వేస్తాం. పేరు లేస్తుంది. ఆ వందలు గుడి దాటి బయటికి పోలేదు, పాపం గుడి దాటి లోపలికి రాలేదు. ఇంత శుభ్రమైన పద్దు ఏ ఆడిటరూ చూసి ఉండడు.

మీటరు అసలు రంగు చూడాలంటే పెల్డ్‌వేల్ అడవికి రావాలి. వికోనియా అనే ఆడమనిషి పరిగెత్తుకుంటూ వస్తుంది. వెనక ఫ్లేమింగ్ ఫిస్ట్ అనే కిరాయి సేనకు చెందిన సైనికుడు. ఆమె డ్రౌ జాతిది, నేల కింద బతికే నల్లటి ఒంటి జాతి. హంతకురాలు, వదిలేయండి నేను చంపుతానంటాడు వాడు. రుజువేమిటంటే ఆమె జాతే రుజువు. సరే, మనవాడు అడ్డం పడి ఆమెను కాపాడి జట్టులో చేర్చుకున్నాడనుకోండి. చేర్చుకున్నందుకు మంచిపేరు రెండు మార్కులు పడిపోతుంది. ఆమె ఇంకా ఎవరినీ ఏమీ అనలేదు, ఒక అడుగు కూడా మనతో వేయలేదు. ఫలానా జాతి మనిషిని వెంట తిప్పుకుంటున్నాడని నలుగురూ అనుకుంటారని రెండు మార్కులు. ఆ నలుగురెవరూ అక్కడ లేరు, అడవిలో మనమే ఉన్నాం. అయినా పోతాయి.

డ్రౌ జాతివాడే అయిన డ్రిజ్ట్ అనే మహావీరుడు కూడా ఈ ఆటలో ఒకచోట ఎదురవుతాడు. అతను నవలల్లో పేరుమోసినవాడు. అతన్ని చూసి ఎవరికీ జాతి గుర్తురాదు, అతని కత్తులూ కవచమూ ఎలా కొట్టేద్దామా అని మాత్రం గుర్తొస్తుంది. ఆ కత్తుల కోసం అతన్ని చంపే ఉపాయాలు ఆటగాళ్లు దశాబ్దాలుగా చేతులు మార్చుకుంటూనే ఉన్నారు. పేరు పడిపోతుందంటారా? గుడి ఉందిగా.

చెప్పడం మరిచాను, పేరు మరీ పెరిగినా ఇబ్బందే. జట్టులో దుర్మార్గులు కూడా ఉంటారు, వాళ్లు లేకపోతే పనులు జరగవు. మనవాడి పేరు ఒక హద్దు దాటి లేస్తే వాళ్లు సణగడం మొదలెడతారు, తర్వాత మూటాముల్లె సర్దుకుని పోతారు. మరీ పడిపోతే మంచివాళ్లు పోతారు. అందుకని నేర్పరి అయిన ఆటగాడు మంచిపేరును మధ్యలో ఆపుతాడు. అవసరమనుకుంటే ఊరి చివర ఎవరో అనామకుణ్ణి ఒకణ్ణి చంపి కాస్త దించుతాడు కూడా. సంకీర్ణ ప్రభుత్వం నడిపినవాళ్లకి ఈ లెక్క కొత్తగా చెప్పనక్కర్లేదు. జట్టులో జహీరా, ఖాలిద్ అని భార్యాభర్తలున్నారు. ఒకరిని పొమ్మంటే ఇద్దరూ పోతారు. ఈ ఆటలో నమ్మదగిన మానవసంబంధం ఆ ఒక్కటే. మిగతావాళ్లలో ఎవరైనా చస్తే ముందు వాడి చెప్పులూ, ఉంగరాలూ, బాణాలూ ఎవరికి సరిపోతాయో చూస్తాం. సంచిలో చోటుంటే తీసుకుంటాం. ఆ తర్వాత, గుళ్లో రేటు ఎంతుందో కనుక్కుని, లేపడమా, మానడమా, వాడి బదులు ఇంకొకణ్ణి చేర్చుకోవడమా అని ఆలోచిస్తాం.

ఇంతకీ కథ ఏమిటంటారేమో. ఇనుము కొరత. నాష్కెల్ గనిలో తవ్విన ఇనుము పెళుసుగా పోతోంది, మామూలు ఇనుముతో చేసిన కత్తి యుద్ధం మధ్యలో చేతిలో విరుగుతుంది. గనిలోకి దిగితే తెలుస్తుంది, కోబోల్డులనే బుల్లి కుక్కమూతి జీవులు ఖనిజం మీద ఏదో ద్రవం పోసి పాడుచేస్తున్నాయి. వాటి వెనక ములాహే అనే పూజారి, వాడి వెనక ఇంకొకడు, అందరి వెనక బాల్డర్స్ గేట్ నగరంలో ఐరన్ థ్రోన్ అనే వ్యాపార సంఘం. గనులు పాడుచేయడం, దారిలో బళ్లు కొల్లగొట్టించడం, క్లోక్‌వుడ్ అడవిలో తమ సొంత గని మాత్రం రహస్యంగా తవ్వించి నిల్వలు పెట్టడం, రెండు రాజ్యాల మధ్య యుద్ధ భయం రేపడం, రేటు పెరిగాక అమ్మడం. 1998లో కెనడావాళ్లకు ఇది భయంకరమైన కుట్రగా తోచింది. ఉల్లిపాయల గోదాములు చూసిన మనకు ఇది వ్యాపారం పేజీలో మూడో కాలమ్. ఈ ఆటలో నాకు నికార్సుగా నచ్చిన భాగం ఇదే. పిశాచాన్ని కాకుండా బిల్లు పుస్తకాన్ని విలన్ చేసిన ధైర్యం మెచ్చుకోవాలి. ఉత్తరాలు, లెక్కలు, ఆదేశాలు ఒక్కోటీ దొరుకుతూ పోతుంటే ఆడేవాడికి రోమాంచకంగా ఉంటుంది.

అయితే ఆ ధైర్యం చివరిదాకా నిలబడలేదు. వ్యాపార సంఘాన్ని పట్టుకున్నాక కూడా కథకి ఇంకా పెద్ద కారణం కావాల్సొచ్చింది. పెద్ద కారణమంటే ఏముంటుంది, రక్తసంబంధం. బాల్ అనే హత్యల దేవుడు తనకు చావు తప్పదని ముందే తెలుసుకుని లోకం నిండా పిల్లల్ని కని పెట్టిపోయాడు. గోరియన్‌ను చంపిన ముళ్ల కవచం మనిషి సారెవోక్ వాళ్లలో ఒకడు. మనవాడు ఇంకొకడు. ఆరు గుణాలు, తొమ్మిది శీలాలు, ఎవరైనా కావచ్చు, ఏ దారైనా పట్టొచ్చు అని ఊరించిన ఆట, నువ్వు మొదటినుంచీ ఫలానావాడి కొడుకువి కాబట్టే ఇదంతా జరుగుతోందని చివర్లో చెబుతుంది. గంటసేపు పాచికలు వేసి దిద్దుకున్న జాతకం కన్నా తండ్రి ఎవరన్నదే పైచేయి అయింది. తండ్రి కుర్చీ కోసం కొట్టుకునే సవతి సంతానం కథలు మనకి తక్కువా? 1951లోనే మన పాతాళభైరవిలో తోటమాలి కొడుకు రాముడు ఏ దేవుడి రక్తమూ లేకుండా, ఉత్త తెగువతో మాంత్రికుణ్ణి గెలిచి రాకుమారిని తెచ్చుకున్నాడు. ఆ తర్వాత నలభై ఏడేళ్లకి, ఇన్ని మెగాబైట్లు ఖర్చుపెట్టి వచ్చిన వీరుడికి సిఫారసు ఉత్తరం కావాల్సొచ్చింది.

ఇప్పటికీ ఈ ఆట అమ్ముడవుతూనే ఉంది. 2012లో మెరుగులు దిద్దిన కూర్పు వచ్చింది. 2023లో బెల్జియంకి చెందిన లారియన్ కంపెనీ మూడో భాగం తీసుకొచ్చింది. అందులో ఆ ఒకటి నుంచి ఇరవై దాకా అంకె లేదు. సంతోషించాను. తీరా చూస్తే ఒక్క మీటరు తీసేసి, వెంట తిరిగే ప్రతి నేస్తానికీ ఒక్కో మీటరు పెట్టారు. ఎవరిముందు ఏం మాట్లాడితే ఎవరికి నచ్చుతుందో, ఎవరికి నొచ్చుతుందో తెర మూల మెరుస్తూనే ఉంటుంది. కొట్టువాడికి ఊరికే కొంత బంగారం చేతిలో పెడితే వాడి అభిమానం పెరిగి ధర తగ్గుతుంది. గుడి హుండీ పోయి కొట్టు బల్ల మీదికి చేరింది, అంతే. మార్పంటే మార్పే.

మొదటి ఆట ముగింపు చూసేసి పోదాం. సారెవోక్ పన్నాగంతో మనవాడి మీద హత్యానేరం పడుతుంది. బాల్డర్స్ గేట్ నగరంలో సైనికులు మనవాణ్ణి వెతుకుతుంటారు. పక్క వీధిలో కొట్టువాడు మాత్రం మామూలుగానే బేరం చేస్తుంటాడు. చిన్న తేడా, పట్టించుకోకండి. ఆ పూట రాజభవనంలో పెద్ద సభ. నగరాన్ని ఏలే పెద్దల సరసన సారెవోక్‌ను గ్రాండ్ డ్యూక్‌గా ఎక్కించబోతున్నారు. ఇనుము కొరత నుంచి గట్టెక్కించేవాడు, శత్రువు నుంచి కాపాడేవాడు అని ఊరంతా అతణ్ణే నమ్ముకుంది. ఊరిని ఆ గతికి తెచ్చినవాడూ అతనే. ఆట సారెవోక్ పక్కన అంకె వేసి చూపించదు. వేసి ఉంటే అది ఇరవై. రాజభవనంలో అంతమంది పెద్దమనుషుల మెప్పు పొందినవాడికి ఇంకో అంకె ఎలా వేస్తారు? గుళ్లో ఒక్క నాణెం వేయకుండా సంపాదించాడు. కొరత సృష్టించి, భయం రేపి, రక్షకుణ్ణని ముందుకొచ్చాడు. ఆటలో మంచిపేరు అనే సరుకు ఎలా తయారవుతుందో అందరికన్నా బాగా తెలిసినవాడు అతనొక్కడే. మనవాడు ఇన్ని రోజులూ వందలకు వందలు కట్టి చిల్లరగా కొన్నది అతను టోకున తీసుకున్నాడు.

సభలోకి మనవాడు సారెవోక్ డైరీ పట్టుకుని వస్తాడు. రుజువు బయటపడుతుంది. సభలో చప్పట్లు కొట్టడానికి వచ్చిన పెద్దమనుషుల్లో చాలామంది మనుషులే కారు, వేషం మార్చుకొచ్చిన మాయాజీవులు. అందరూ కత్తులు దూస్తారు. సారెవోక్ నేల కింద ఉన్న తండ్రి పాత గుడిలోకి పారిపోతాడు. వెనకే మనవాడు. ఇద్దరు అన్నదమ్ములు, ఒక తండ్రి, ఒక పీఠం. ఎవరో ఒకరు చచ్చేదాకా. సారెవోక్ పడిపోతాడు.

అప్పుడు చిన్న సినిమా. చీకటి గుహలో సారెవోక్ రూపంలో ఉన్న విగ్రహం ఒకటి పగిలి కూలుతుంది. దృశ్యం వెనక్కి జరుగుతుంది. అలాంటి విగ్రహాలు ఇంకా బారులు తీరి ఉన్నాయి, ఒక్కోటీ ఒక్కో వారసుడిది. పేర్లు పడతాయి. రెండో భాగం 2000లో విడుదలైంది.